కంచెలు పడని ఊరు: లాక్స్‌టన్ పొలాలు, వాటి న్యాయస్థానం

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్‌లో, షెర్‌వుడ్ అడవికి తూర్పున, లాక్స్‌టన్ అనే చిన్న ఊరు ఉంది. కాట్స్‌వల్డ్స్ ప్రాంతపు తేనెరంగు రాతి ఇళ్లను చూసి వచ్చినవారికి ఈ ఊరు చాలా సాదాగా కనిపిస్తుంది. ఎర్ర ఇటుక గోడలు, పెంకుల కప్పులు, సెయింట్ మైకేల్ పేరిట పాత చర్చి, డవ్‌కోట్ అనే పబ్, ఊరికి ఉత్తరాన నార్మన్ల కాలపు కోట ఒకప్పుడు నిలిచిన మట్టిదిబ్బ తప్ప కంటికి ఆనేది పెద్దగా ఏమీ ఉండదు. అయినా ఇంగ్లండ్ వ్యవసాయ చరిత్ర రాసినవారెవరూ ఈ ఊరిని దాటిపోలేదు. ఉత్తర ఐరోపాలో శతాబ్దాల పాటు లెక్కలేనన్ని ఊళ్లు ఏ పద్ధతిలో సాగు చేసుకున్నాయో ఆ పద్ధతి, దానిని అదుపులో ఉంచే సొంత న్యాయస్థానంతో సహా, ఇంగ్లండ్‌లో ఇక్కడ మాత్రమే ఇంకా నడుస్తోంది.

లాక్స్‌టన్ గురించి విన్నవారికి సాధారణంగా రెండు అపోహలు కలుగుతాయి. ఊరంతా కలిసి ఒకే పొలం దున్ని పంట పంచుకుంటారని, అంటే ఇది ఒక రకమైన సమష్టి వ్యవసాయమని మొదటి అపోహ. మధ్యయుగం నుంచి ఏమాత్రం మారకుండా గాజుపెట్టెలో పెట్టినట్లు ఉన్న ఊరని రెండోది. మొదటిది ఏ కాలంలోనూ నిజం కాదు. రెండోది నిజమై ఉంటే ఈ పద్ధతి బహుశా ఎప్పుడో అంతరించి ఉండేది. అసలు ఇక్కడ నిలిచి ఉన్నది ఏమిటి, చుట్టుపక్కల ఊళ్లన్నింటిలో పోయినది ఇక్కడ ఎందుకు పోలేదు, దానిని నిలబెట్టడమంటే దేనిని నిలబెట్టడం అన్న మూడు ప్రశ్నలను విడివిడిగా చూస్తే తప్ప ఈ ఊరి వారసత్వం అర్థం కాదు.

ముందుగా పొలాల సంగతి. ఊరి చుట్టూ వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్ అనే మూడు పెద్ద పొలాలు ఉన్నాయి. మూడూ కలిపి ఇప్పుడు సుమారు 480 ఎకరాలు. ఒక్కొక్క పొలం లోపల కంచె గాని, జీవకంచె గాని, గోడ గాని ఉండదు. ఆ విశాలమైన నేల పొడవాటి పట్టీలుగా విడిపోయి ఉంటుంది. ఒక రైతుకు వెస్ట్ ఫీల్డ్‌లో కొన్ని పట్టీలు, మిల్ ఫీల్డ్‌లో కొన్ని, సౌత్ ఫీల్డ్‌లో మరికొన్ని ఉంటాయి. ఒకే పొలంలో ఉన్నవి కూడా ఒకదాని పక్కన ఒకటి ఉండవలసిన పని లేదు. పట్టీని దున్నడం, విత్తడం, కోయడం, పంట అమ్ముకోవడం అన్నీ ఎవరివి వారివే. లాభమైనా నష్టమైనా ఆ రైతుదే. ఉమ్మడిగా ఉండేది పంటల క్రమం, హద్దులు, దారులు, కాలువలు, కోత తరువాత మేత హక్కులు.

పంటల క్రమం మూడేళ్ల చక్రంలో తిరుగుతుంది. ఒక పొలంలో శరదృతువులో విత్తే గోధుమ, రెండో దానిలో వసంతంలో విత్తే బార్లీ, ఓట్లు, బఠానీ, చిక్కుడు వంటి పంటలు ఉంటాయి. మూడోది ఆ ఏడు బీడుగా ఉంటుంది. మరుసటి ఏడు ప్రతి పొలం ఒక మెట్టు ముందుకు జరుగుతుంది. బీడు మీద, కోసిన పొలాల మోళ్ల మీద ఊరి గొర్రెలు, పశువులు మేసి, తమ పేడతో నేలకు బలం ఇచ్చేవి. రసాయన ఎరువులు లేని కాలంలో బరువైన ఎర్ర బంకమట్టి నేలను నిస్సారం కాకుండా కాపాడుకునే ఉపాయం ఇదే. ఇప్పుడు మూడో పొలం ఉత్తి బీడుగా మిగలడం లేదు. అందులో పశుగ్రాసం పెంచడానికి నియమాలను సడలించారు. మూడు వంతుల చక్రం మాత్రం అలాగే ఉంది.

భూమిని ఇలా ముక్కలు ముక్కలుగా ఎందుకు పంచుకున్నారన్న ప్రశ్నకు చరిత్రకారులు ఒక్క మాట మీద లేరు. లాక్స్‌టన్‌ను లోతుగా పరిశోధించి 1938లో ఆ పరిశోధనను వెలువరించిన ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఆర్విన్ దంపతులు నాగలి వైపు నుంచి ఆలోచించారు. బరువైన నేలను దున్నడానికి పెద్ద నాగలి, దానికి పూన్చడానికి ఎనిమిది ఎద్దుల దాకా కావాలి. అన్ని ఎద్దులు ఒక్క రైతుకు ఉండవు. నలుగురైదుగురు కలిసి అరక కట్టి, రోజుకు ఒకరి వంతు చొప్పున దున్నుకుంటూ పోతే నేల దానంతట అదే పట్టీలుగా పంపిణీ అవుతుందని వారి వాదన. జోన్ థర్స్క్ 1960లలో దీనిని ప్రశ్నించారు. జనాభా పెరిగి, వాటాలు చీలి, మేతకు చోటు కరువైన కొద్దీ తరతరాలుగా ఈ నియమాలు మెల్లగా పేరుకున్నాయని, మొదటి రోజే ఎవరో గీసిన పథకం ఇందులో లేదని ఆమె వాదించారు. ఆర్థిక చరిత్రకారిణి మెక్‌క్లాస్కీ మరో దారిలో వెళ్లి, చెదురుమదురు పట్టీలు పేద రైతుకు పంట బీమా వంటివని లెక్కలు కట్టి చూపారు. వానలు ఎక్కువైన ఏడు పల్లపు పట్టీ పోతే మెరక పట్టీ నిలబడుతుంది, ఎండిన ఏడు దానికి తిరగబడుతుంది. నా అంచనాలో బీమా వాదన ఈ పద్ధతి అంతకాలం ఎందుకు నిలిచిందో బాగా చెబుతుంది గాని, ఎలా పుట్టిందో చెప్పలేదు. పుట్టుక విషయంలో థర్స్క్ మాటే సబబుగా తోస్తుంది.

పట్టీ ఆకారం వెనుక ఎద్దులు ఉన్నాయి. పొడవాటి అరక పొలం చివర గిర్రున తిరగలేదు కాబట్టి, దున్నేవాడు కొన దగ్గరపడుతుండగానే ఎద్దులను ఒక పక్కకు మళ్లించడం మొదలుపెట్టేవాడు. దానివల్ల చాలు తిన్నగా కాక, రెండు చివర్లా మెలి తిరిగి ఉండేది. ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలో పాత పచ్చికబయళ్ల మీద ఆ మెలికలు ఇప్పటికీ గట్లుగా, పల్లాలుగా కనిపిస్తాయి. కొలతకు కూడా ఇదే మూలం. 220 గజాల పొడవు, 22 గజాల వెడల్పు గల పట్టీ ఒక ఎకరం. ఒక అరక ఒక రోజులో దున్నగలిగినంత నేల అని సంప్రదాయం. తెలంగాణలో 40 గుంటలుగా, ఆంధ్రలో 100 సెంట్లుగా విడగొట్టి మనం పాసుపుస్తకాలలో రాసుకునే 4,840 చదరపు గజాల ఎకరం సరిగ్గా ఇదే. క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు కావడానికి కారణం కూడా ఆ కాలపు సర్వే గొలుసే.

కంచెలు లేనిచోట నియమం లేకపోతే సాగు సాగదు. ఒకరు కోత ఆలస్యం చేస్తే మిగిలినవారి పశువులు మోళ్ల మీదికి వెళ్లలేవు. ఒకరు బీడు పొలంలో తనకు నచ్చిన పంట వేసుకుంటే మేత దెబ్బతింటుంది. అన్నింటికన్నా తరచుగా వచ్చే తగాదా హద్దులది: ఏటా ఒక్క చాలు అటు జరిపి దున్నితే పదేళ్లలో పక్కవాడి నేల కొంత మాయమవుతుంది, ఊరి దారి ఇరుకవుతుంది. అందువల్ల ఈ పొలాలను, వాటి న్యాయస్థానాన్ని విడదీసి చూడడం కుదరదు. ఆ న్యాయస్థానం పేరు కోర్ట్ లీట్.

దీని పని తీరు చూడముచ్చటగా ఉంటుంది. నవంబరు చివరి వారంలో, అంటే గోధుమ మొలకెత్తి ఎవరు ఎంతవరకు దున్నారో నేల మీద స్పష్టంగా కనిపించే సమయంలో, పన్నెండు మంది జ్యూరీ సభ్యులు తమ పెద్దతో కలిసి ఆ ఏడు గోధుమ వేసిన పొలాన్ని నడిచి చూస్తారు. ట్రాక్టరు ట్రాలీలో కర్ర గూటాలు వెంట వస్తాయి. దారి లోపలికో, ఉమ్మడి గడ్డి నేల లోపలికో దున్నిన చోట అసలు హద్దు కొలిచి గూటం పాతుతారు. కాలువ పూడిక తీయనివారిని, హద్దు మీరినవారిని గుర్తుపెట్టుకుంటారు. తరువాత పబ్‌లో కూర్చుని ఎవరికి ఎంత జరిమానా వేయాలో చర్చించుకుంటారు. వారం తరువాత గురువారం నాడు కోర్టు అక్కడే కూడుతుంది. భూస్వామి తరఫున న్యాయవాది అయిన స్టూవర్డ్ అధ్యక్షత వహిస్తాడు, బెయిలిఫ్ పిలుపు వినిపిస్తాడు, జ్యూరీ తన నివేదికను సమర్పిస్తుంది, మరుసటి ఏడు గోధుమ వేయబోయే పొలానికి కొత్త జ్యూరీ ప్రమాణం చేస్తుంది. ఏటా గోధుమ పొలాన్ని మాత్రమే చూస్తారు కనుక మూడేళ్లలో మూడు పొలాలూ ఒక్కొక్కసారి తనిఖీకి వస్తాయి.

జరిమానాలు చాలా చిన్న మొత్తాలు. డబ్బు లెక్కలో చూస్తే వాటికి ఎవరూ భయపడరు. అయితే తప్పు చేసిన రైతు పేరు, అతని పక్క పట్టీ రైతు సమక్షంలో, ఏటా కలిసి భోజనం చేసే గదిలో చదవబడుతుంది. పైగా జ్యూరీలో ఉన్నవారు కూడా అదే పొలంలో దున్నుకునేవారే. ఈ ఏడు తీర్పు చెప్పినవాడి పట్టీ దగ్గర వచ్చే ఏడాదులలో ఇంకొకరు గూటం పాతవచ్చు. బయటినుంచి వచ్చే అధికారి ఎంత పెద్ద జరిమానా వేసినా రాని క్రమశిక్షణ ఈ ఏర్పాటులో వస్తుంది.

ఈ కోర్టు న్యాయపరంగా ఏమిటన్నది కొంచెం చిక్కు విషయం. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో మేనర్ అనబడే భూస్వామ్య ప్రాంతానికి రెండు రకాల న్యాయసభలు ఉండేవి. కోర్ట్ బారన్ అనేది భూస్వామి సొంత సభ. కౌళ్లు, వారసత్వాలు, సాగు నియమాలు దాని పరిధి. కోర్ట్ లీట్ అనేది రాజు తన అధికారంలో కొంత భూస్వామికి అప్పగించగా ఏర్పడినది. చిల్లర నేరాలు, కొట్లాటలు, రొట్టె బరువులు, బీరు కొలతల వంటివి దాని పరిధి. ఈ లెక్కన పొలం హద్దులు కోర్ట్ బారన్ చూడవలసినవి. కాలక్రమంలో రెండూ కలిసిపోయి, చాలాచోట్ల నామమాత్రపు ఉత్సవాలుగా మారిపోయాయి. 1977 నాటి న్యాయ పాలనా చట్టం ఇటువంటి పాత కోర్టుల న్యాయాధికారాన్ని మూకుమ్మడిగా రద్దు చేసి, ఆచారంగా సమావేశమయ్యే వెసులుబాటు మాత్రం మిగిల్చింది. ఆ రద్దు నుంచి మినహాయింపు పొందిన రెండు పేర్లలో లాక్స్‌టన్ కోర్ట్ లీట్ ఒకటి. రెండోది వేల్స్‌లోని డెన్‌బీ ప్రాంతానికి చెందిన, తప్పిపోయిన పశువుల వ్యవహారం చూసే ఒక కోర్టు. నిజంగా పనిచేస్తున్నదానిని పార్లమెంటు పనిచేస్తున్నదిగానే గుర్తించింది.

ఊరి పాత రూపం గురించి ఇంత వివరంగా తెలియడానికి కారణం 1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయరు తయారుచేసిన పటం. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్న ఆ పటంలో రెండు వేలకు పైగా ఉన్న పట్టీలు విడివిడిగా గీసి ఉన్నాయి. ఏ పట్టీ ఎవరి సాగులో ఉందో వివరించే జాబితా దానికి తోడుగా ఉంది. మధ్యమధ్య దున్నేవారు, విత్తేవారు, కోసేవారు, వేటగాళ్లు చిన్నచిన్న బొమ్మలుగా కనిపిస్తారు. భూమి రికార్డు అంటే నిర్జీవమైన అంకెలని అనుకునేవారు ఆ పటాన్ని ఒకసారి చూడాలి.

ఆ పటం వేయించిన సర్ విలియం కోర్టెన్ లండన్‌కు చెందిన సంపన్న వర్తకుడు. ఊరి మీద మమకారంతో కాక, కొన్న ఆస్తి లెక్క తేల్చుకోవడానికే అతడు సర్వే చేయించాడనుకోవచ్చు. పటం తయారైన 1635లోనే అతని బృందానికి మొదటి చార్లెస్ రాజు తూర్పు దేశాలతో వర్తకం చేయడానికి అనుమతి ఇచ్చాడు. అప్పటికే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకుని, 1632లో గోల్కొండ సుల్తాను నుంచి బంగారు ఫర్మానా పొందిన ఈస్టిండియా కంపెనీకి ఇది నేరుగా పోటీ. ఏడాది తిరగకముందే 1636లో కోర్టెన్ మరణించాడు. ఆ తరువాత కొన్నేళ్లకు లాక్స్‌టన్ పియర్‌పాంట్ కుటుంబం చేతికి వచ్చింది. కింగ్‌స్టన్ ప్రభువులుగా, తరువాత మాన్వర్స్ ఎర్ల్‌లుగా మూడు శతాబ్దాల పాటు వారే ఊరికి యజమానులు.

ఇక పెద్ద ప్రశ్నకు వద్దాం. ఇటువంటి పొలాలు ఇంగ్లండ్ నడిబొడ్డు అంతటా ఉండేవి. వాటిని తుడిచిపెట్టినది ఎన్‌క్లోజర్, అంటే ఉమ్మడి హక్కులను రద్దు చేసి, చెదిరిన పట్టీలను ఒక్కచోటికి చేర్చి, చుట్టూ కంచె వేసి ఒక్కరికి అప్పగించడం. మొదట్లో ఇది పరస్పర ఒప్పందాలతోనో, భూస్వామి బలవంతంతోనో జరిగేది. 18వ శతాబ్ది నుంచి పార్లమెంటు చట్టాల ద్వారా జోరందుకుంది. 1604కు, 1914కు మధ్య 5,200కు పైగా ఇటువంటి చట్టాలు వచ్చాయి. వాటి కింద కంచెలలోకి పోయిన నేల సుమారు 68 లక్షల ఎకరాలు, ఇంగ్లండ్ విస్తీర్ణంలో అయిదో వంతుకు కొంచెం ఎక్కువ. చట్టం కోసం తలలు లెక్కించేవారు కారు. భూమి విలువలో నాలుగింట మూడు వంతులో, అయిదింట నాలుగు వంతులో ఎవరి చేతిలో ఉంటే వారి మాటే చెల్లేది. కమిషనర్లు, సర్వేయర్లు వచ్చి కొత్త వాటాలు గీసేవారు. ఆ ఖర్చు, కంచె ఖర్చు వాటాదారులే భరించాలి. రెండు మూడు ఎకరాల వాడికి ఆ ఖర్చే ఉరిగా మారేది. ఒక ఆవును ఊరి బీటిలో మేపుకునే హక్కు మాత్రమే ఉన్నవాడికి చాలాసార్లు ఏమీ దక్కేది కాదు.

ఎన్‌క్లోజర్ వల్ల దిగుబడి పెరిగిందా, ఎంత పెరిగిందన్న వాదన ఇంకా తెగలేదు. కౌలు పెరిగిందన్నది మాత్రం స్పష్టం. భూమికి ఒక్క యజమాని, ఒక్క హద్దు ఉంటేనే అభివృద్ధి అన్న నమ్మకం ఆ తరం పాలకులలో ఎంత గట్టిదంటే, వారు దానిని సముద్రాలు దాటించారు. బెంగాలులో 1793 నాటి శాశ్వత శిస్తు నిర్ణయం, దానిని 1802 నుంచి ఉత్తర సర్కారులకు విస్తరించి జమీందారులను స్థిరపరచడం కూడా ఆ ఆలోచన నీడలోనే జరిగాయి. ఫలితాలు రెండుచోట్లా వేరు. వాటిని ఒకే గాటన కట్టడం సరికాదు.

లాక్స్‌టన్ ఎందుకు తప్పించుకుంది? ఎవరో ముందుచూపుతో కాపాడారని చెబితే వినడానికి బాగుంటుంది గాని, ఆధారాలు ఆ మాట చెప్పవు. పియర్‌పాంట్‌లు ఎన్‌క్లోజర్‌కు వ్యతిరేకులు కారు. 18వ శతాబ్ది తొలి సగంలోనే ఇక్కడ కొంత నేలను కంచెలలోకి మార్చారు. 1635లో నాలుగోదిగా ఉన్న ఈస్ట్ ఫీల్డ్ కూడా కాలక్రమంలో కనుమరుగైంది. మిగతాది ఆగిపోవడానికి కారణం ఆస్తి పంచాయతీ. 19వ శతాబ్దిలో ఊరి భూమి మాన్వర్స్ ఎర్ల్‌కు, స్కార్‌బరో ఎర్ల్‌కు మధ్య పంచుకుపోయి ఉండేది. చిన్న చిన్న సొంతదారులు కూడా కొందరు ఉండేవారు. ఇద్దరు పెద్దల మధ్య రాజీ కుదరక కదలిక లేకుండా పోయింది. శతాబ్ది రెండో సగంలో మార్పిళ్లు జరిగి మాన్వర్స్ పట్టు బిగిసింది. అయితే అప్పటికి కాలం మారిపోయింది. 1870ల చివరి నుంచి అమెరికా గోధుమ చవకగా దిగుమతి కావడంతో ఇంగ్లిష్ ధాన్యం ధర కుప్పకూలింది, కౌళ్లు పడిపోయాయి. తిరిగి రాని పెట్టుబడిని కంచెల మీద పెట్టే ఉత్సాహం ఏ భూస్వామికి ఉంటుంది?

అంటే మనం ఈరోజు మెచ్చుకునే ఈ వారసత్వం 20వ శతాబ్ది దాకా తగాదాల వల్ల, జాప్యం వల్ల, డబ్బు ఇబ్బంది వల్ల మిగిలింది. ఇది దాని విలువను తగ్గించదు. వారసత్వంగా మిగిలిన వాటిలో చాలా భాగం ఇలాగే, ఎవరూ తలపెట్టకుండానే మిగిలిందని గుర్తుంచుకోవడం మాత్రం మంచిది. ఇంగ్లండ్‌లో ఇటువంటి పొలాల శేషాలు డెవన్‌లోని బ్రాంటన్ గ్రేట్ ఫీల్డ్‌లో, లింకన్‌షైర్‌లోని ఆక్స్‌హోమ్ దీవిలో, డోర్సెట్‌లోని పోర్ట్‌లండ్‌లో ఇంకా ఉన్నాయి. అక్కడ పట్టీలు కనిపిస్తాయి. వాటిని ఉమ్మడిగా నడిపించే కోర్టు లేదు.

తెలిసి కాపాడడం 20వ శతాబ్దిలో మొదలైంది, అదీ పెద్ద మార్పుతో. 1900 తరువాతి దశాబ్దంలో మాన్వర్స్ ఎస్టేట్ పట్టీలను తిరిగి సర్దింది. అతి సన్నని పట్టీలను కలిపి వెడల్పు చేసి, సంఖ్యను బాగా తగ్గించారు. పియర్స్ పటంలో రెండు వేలు దాటిన పట్టీలు ఇప్పుడు రెండు వందల లోపే. పురాతనత్వాన్ని ఆరాధించేవారికి ఇది అపచారంగా తోస్తుంది. నిజానికి ఆ సర్దుబాటు లేకపోతే ఆ సన్నని పట్టీలలో కోత యంత్రం తిరిగేదే కాదు, రైతులే కంచెలు కోరేవారు. పద్ధతిని బతికించినది ఆ రాజీయే.

1952లో ఆరో మాన్వర్స్ ఎర్ల్ లాక్స్‌టన్‌ను వ్యవసాయ మంత్రిత్వ శాఖకు అమ్మాడు. ఓపెన్ ఫీల్డ్ సాగు, అంటే కంచెలు లేని ఈ పట్టీల సాగు, కొనసాగాలన్నదే ఆ అమ్మకం ఉద్దేశం. ఆర్విన్ దంపతుల పరిశోధన వల్ల ఊరి పేరు అప్పటికే విద్వాంసులలో మారుమోగుతోంది. 1981లో మంత్రిత్వ శాఖ దానిని క్రౌన్ ఎస్టేట్‌కు, సాగు పద్ధతిని నిలబెట్టాలన్న హామీ మీద బదిలీ చేసింది. క్రౌన్ ఎస్టేట్ అంటే రాజరికం పేరిట ఉండే, ఆదాయం మాత్రం ప్రభుత్వ ఖజానాకు చేరే ఆస్తుల సంస్థ. లాభం తేవడం దాని ధర్మం. ఊరి చిన్న కమతాలు లాభాలు పండించే రకం కావు. చివరికి 2020లో అది లాక్స్‌టన్‌ను థోర్స్‌బీ ఎస్టేట్‌కు అమ్మింది. థోర్స్‌బీ అంటే మరెవరో కాదు, 1952లో అమ్మిన పియర్‌పాంట్‌ల వారసత్వమే. ఊరు దాదాపు డెబ్బై ఏళ్లు ప్రభుత్వం గూటిలో తిరిగి మళ్లీ పాత ఎస్టేట్‌కే చేరింది.

ఇక్కడే చట్టపరమైన చిక్కు ఉంది. ఇంగ్లండ్‌లో చారిత్రక భవనాన్ని జాబితాలో చేర్చి కూల్చకుండా ఆపవచ్చు. పురాతన దిబ్బను రక్షిత కట్టడంగా ప్రకటించవచ్చు. లాక్స్‌టన్ కోటదిబ్బకు ఆ రక్షణ ఉంది. దున్నడానికి వీలుకాని తడి పల్లాలలో, ఏటవాలులలో పట్టీల మధ్య మిగిలిన సైక్ అనే గడ్డి నేలలకు కూడా, వాటిలోని అడవి పూల మొక్కల కారణంగా, ప్రకృతి పరిరక్షణ చట్టం కింద గుర్తింపు ఉంది. కాని ఫలానా పొలంలో ఫలానా ఏడు గోధుమే వేయాలని, నవంబరులో జ్యూరీ నడవాలని వారసత్వ చట్టం ఏదీ శాసించలేదు. ఆచారాలను, నైపుణ్యాలను వారసత్వంగా గుర్తించే 2003 నాటి యునెస్కో ఒడంబడికలో బ్రిటన్ 2024లో గాని చేరలేదు. కాబట్టి లాక్స్‌టన్ సాగు ఇన్నేళ్లూ కౌలు పత్రాల మీద, భూస్వామి మాట మీద, కోర్టు ఆచారం మీద ఆధారపడి నడిచింది.

సైక్‌ల సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఉమ్మడి హక్కు ఇప్పటికీ డబ్బుగా మారేది ఇక్కడే. ఏటా వేసవిలో వాటి మీది గడ్డిని వేలం వేస్తారు. పాడుకున్నవారు నిర్ణీత గడువులో కోసి ఎండుగడ్డిగా తీసుకుపోతారు. వచ్చిన సొమ్ము ఉమ్మడి హక్కుదారులకు చెందుతుంది. ఎరువులు, కలుపు మందులు ఎరుగని ఆ సన్నని గడ్డి చీలికలలో, చుట్టుపక్కల సాగు నేలలలో ఎప్పుడో మాయమైన మొక్కలు నిలిచి ఉన్నాయి. వృక్షశాస్త్రం కోసం ఎవరూ వాటిని వదిలిపెట్టలేదు; నాగలి దిగలేక వదిలిపెట్టారు, దున్నబోయినవారిని జ్యూరీ ఆపింది.

ఊరి ఆకృతి కూడా ఈ సాగు చేసిన పనే. ఎన్‌క్లోజర్ జరిగిన చోట్ల పొలం ఒక్కచోటికి చేరింది కనుక రైతులు ఊరు విడిచి పొలం నడుమ ఇళ్లు కట్టుకున్నారు. లాక్స్‌టన్‌లో పట్టీలు మూడు దిక్కులా ఉన్నప్పుడు ఊరి నడుమ ఉండడమే అందరికీ అనుకూలం. అందుకే ఇక్కడ రైతుల ఇళ్లు, ధాన్యపు కొట్లు, పశువుల పాకలు వీధి వెంట వరుసగా ఉండి, వాటి వెనుక పెరళ్లు సన్నగా పొడవుగా సాగిపోతాయి. బయటివారు ముచ్చటపడే ఆ వీధి దృశ్యాన్ని విడిగా కాపాడవచ్చు. ఇంగ్లండ్‌లో అలా కాపాడిన వీధులు ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలా ఇళ్లలో ఇప్పుడు నగరాలలో పనిచేసేవారు, పదవీ విరమణ చేసినవారు ఉంటారు, కొట్లు పడకగదులయ్యాయి. లాక్స్‌టన్‌లో ఆ మార్పు కొంతవరకు మొదలైంది. పాల ధరలు, ధాన్యం ధరలు చిన్న రైతుకు గిట్టని కొద్దీ కమతాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం, రైతుల పిల్లలు వేరే పనులకు వెళ్లడం ఇక్కడ కూడా తప్పలేదు.

ఇప్పుడు యజమాని ముందున్న ఇబ్బంది ఇదే. వ్యాపార దృష్టితో చూస్తే మూడు పొలాలను ఒకరిద్దరు పెద్ద రైతులకు కౌలుకిస్తే సరిపోతుంది. మూడేళ్ల చక్రం కూడా అలాగే తిప్పవచ్చు, పైనుంచి ఫొటో తీస్తే తేడా కనిపించకపోవచ్చు. కాని పక్క పట్టీ మరొకరిది అయితేనే హద్దు తగాదా ఉంటుంది, తగాదా ఉంటేనే కోర్టుకు పని ఉంటుంది. జ్యూరీకి పన్నెండు మంది కావాలి. పొలంలో వాటా ఉండి, దుక్కి సంగతి తెలిసి, తన పట్టీ దగ్గర కూడా గూటం పాతవచ్చునని ఒప్పుకునే పన్నెండు మందిని ఇంత చిన్న ఊరు ఏటా సమకూర్చుకోవాలి. థోర్స్‌బీ ఎస్టేట్ ఇకమీదట ఖాళీ అయ్యే ప్రతి కమతాన్ని పక్క రైతుకు కలుపుతుందా, కొత్త రైతుకు ఇస్తుందా అన్నదాని మీదే ఆ లెక్క ఆధారపడి ఉంది.